మీటరు సున్నా చూపించింది, నీళ్లు మాత్రం బాగాలేవు

గత ఏడు వారాల్లో మా దగ్గర ఆర్‌ఓ–డీఐ నీళ్లు క్యాన్లలో పట్టుకెళ్లిన రీఫ్ ట్యాంకుల (పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకుల) వాళ్లందరికీ చెబుతున్నాను. ఆర్‌ఓ అంటే సన్నటి మెంబ్రేన్‌తో వడకట్టడం, డీఐ అంటే అది దాటొచ్చినవాటిని గొట్టంలోని రెజిన్ గింజలతో పట్టేయడం. ఆ నీళ్లలో సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే, కరిగిన రూపంలో) ఉంది. ఇసుక మీద, రాళ్ల మీద, అద్దం మీద గోధుమరంగు పొర కడుతోంది, తుడిచిన మర్నాటికే మళ్లీ వస్తోంది అని మీలో చాలామంది చెప్పారు. "మేత తగ్గించండి, లైటు ఓ గంట తగ్గించండి, కొత్త ట్యాంకుకి ఇది మామూలే" అని చెప్పి పంపించాను. తప్పు మీ మేతది కాదు, మా నీళ్లది.

మా నీళ్ల కుళాయి పైన "టీడీఎస్ సున్నా" అని, అంటే నీళ్లలో కరిగి ఉన్నవి మొత్తం సున్నా అని, రాసి ఉంటుంది కదా, అది అబద్ధం కాదు. మీటరు నిజంగానే సున్నా చూపించింది. పొద్దున షట్టరు ఎత్తగానే నేను మొదట చూసేది ఆ అంకెనే. దాన్ని చూసుకుని ధీమాగా ఉండడమే కొంప ముంచింది.

రెండేళ్లుగా మా దగ్గరే నీళ్లు పట్టే ఒక కుర్రాడు పోయిన వారం వచ్చాడు. "అన్నా, నా ట్యాంకు పెట్టి రెండేళ్లు దాటింది. ఇంకా కొత్త ట్యాంకంటావేంటి?" అని నిలదీశాడు. నేను మళ్లీ మేత సంగతి ఎత్తబోతుంటే, సంచిలోంచి సిలికేట్ టెస్ట్ కిట్ తీసి బల్ల మీద పెట్టాడు. మా కుళాయి కిందే చిన్న గాజు సీసా పట్టాం. ఒక్కో మందు చుక్కలు వేస్తూ, మధ్యలో కిట్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగుతూ చేశాం. ఆఖరి మందు పడ్డాక నీళ్లు లేత నీలమయ్యాయి. చూస్తుండగానే ఇంకాస్త ముదిరాయి. పక్కనే మీటరు మీద 000. "ఇంకోసారి చేద్దాం తమ్ముడూ" అన్నాను, ఆశ చావక. రెండోసారీ అదే నీలం.

జరిగింది ఇదీ. టీడీఎస్ మీటరు నీళ్లలో ఏమున్నాయో చూడదు. ఆ నీళ్ల గుండా కరెంటు ఎంత పారుతోందో చూసి, దాన్నిబట్టి ఒక అంకె వేస్తుంది. విద్యుదావేశం ఉన్నవే దానికి దొరుకుతాయి. సిలికా మామూలు నీళ్లలో దాదాపు ఏ ఆవేశమూ లేకుండా, సిలిసిక్ ఆమ్లంగా కరిగి ఉంటుంది. మీటరు దాన్ని పట్టుకోలేదు. రెజిన్‌కి కూడా దాని మీద పట్టు తక్కువే. రెజిన్‌ని ఓ బస్సనుకోండి. సల్ఫేటు, క్లోరైడు సీట్లలో గట్టిగా కూర్చుంటాయి. బైకార్బొనేటు ఎలాగో సర్దుకుంటుంది. సిలికా ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుడు. బస్సు నిండేకొద్దీ ముందుగా కిందపడేది అదే. పైగా అప్పటిదాకా రెజిన్‌లో పోగైనది కూడా కలిసి బయటికొస్తుంది కాబట్టి, ఆ దశలో డీఐలోకి వెళ్లే నీళ్లకన్నా బయటికొచ్చే నీళ్లలోనే సిలికా ఎక్కువ ఉండొచ్చు. మీరు ఇంటికి మోసుకెళ్లింది ఆ నీళ్లే. మీ ట్యాంకుల్లోని ఆ గోధుమరంగు పొర డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు. అవి తమ పెంకులు కట్టుకునేది సిలికాతోనే. వాటికి ఇంతకన్నా పండగ ఏముంటుంది!

రెజిన్ ఎప్పుడూ వచ్చినన్ని రోజులు ఎందుకు రాలేదన్నది రెండో ప్రశ్న. మాకు వచ్చే నీళ్లు మధ్యలో మారాయి, బోరు నీళ్ల పాలు పెరిగింది. భూగర్భజలంలో తరచు కార్బన్ డయాక్సైడు ఎక్కువగా కరిగి ఉంటుంది. అది వాయువు కనక మెంబ్రేన్ దాన్ని ఆపలేదు. నేరుగా రెజిన్ మీద పడి, సిలికాని పట్టుకోవాల్సిన భాగాన్నే తినేస్తుంది. నీళ్లు మారిన సంగతి నాకు తెలుసు. ఆర్‌ఓ తర్వాతి టీడీఎస్ పెద్దగా పెరగలేదు కదా అని ఊరుకున్నాను. ఆ ఒక్క నిర్లక్ష్యానికి నా దగ్గర సాకు లేదు.

ఇప్పుడు చేసిన మార్పులు చెబుతాను. ఒక డీఐ గొట్టం ఉన్నచోట రెండు వరసగా పెట్టాం. సిలికేట్ టెస్ట్ వారానికి రెండుసార్లు, రెండు గొట్టాల మధ్యనుంచి నీళ్లు తీసి చేస్తాం. అక్కడ కాస్త నీలం కనిపించినా మొదటి గొట్టంలో రెజిన్ మార్చి, రెండోదాన్ని ముందుకు జరుపుతాం. ఆర్‌ఓ నీళ్లు తిన్నగా డీఐకి వెళ్లవు. ఒక రాత్రంతా డ్రమ్ములో ఎయిర్‌స్టోన్‌తో గాలి బుడగలు ఆడించి, ఆ కార్బన్ డయాక్సైడు పోయాక పంపుతో తోస్తున్నాం. ఇంకొకటి, మెషీను ఆపి మళ్లీ వేసిన మొదటి కొన్ని నిమిషాలు మెంబ్రేన్ దాటొచ్చే నీళ్లలో టీడీఎస్ ఎక్కువుంటుంది. ఆగి ఉన్నంతసేపూ ఉప్పులు మెల్లగా అవతలికి జారతాయి. ఆ నీళ్లు ఇప్పుడు డీఐకి పోకుండా పారబోస్తున్నాం. ఇది ముందునుంచీ చేయాల్సిన పనే.

"ఇంత చిన్నదానికి ఇంత హడావిడా?" అని ఒకరు అడిగారు. లెక్క చూడండి. 200 లీటర్ల ట్యాంకులో రోజుకు 3 లీటర్లు ఆవిరైతే ఏడాదికి దాదాపు 1,100 లీటర్లు పోస్తారు. అంటే ట్యాంకుకి అయిదున్నర రెట్లు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, దానితోపాటు పోసినవన్నీ ట్యాంకులోనే మిగులుతాయి. టీడీఎస్ 200 (లీటరుకు 200 మిల్లీగ్రాములు) ఉన్న కుళాయి నీళ్లు పోస్తే ఏడాదిలో 220 గ్రాములు చేరతాయి. ఒట్టి ఆర్‌ఓ నీళ్లు, టీడీఎస్ 10 అనుకుంటే, 11 గ్రాములు. ఆ 11 గ్రాములూ ఏమిటన్నదే అసలు సంగతి. కాల్షియమైతే పర్వాలేదు. అదే నైట్రేటైతే 200 లీటర్లలో లీటరుకు 55 మిల్లీగ్రాములు. నీళ్లు మార్చినప్పుడు కొంత పోతుంది, నిజమే, కానీ దాన్ని లాగడానికే మళ్లీ మళ్లీ నీళ్లు మార్చాల్సొస్తుంది. రాగి సంగతైతే చెప్పనే వద్దు. అది మైక్రోగ్రాముల్లోనే రొయ్యల్నీ నత్తల్నీ పగడాల్నీ దెబ్బ తీస్తుంది. అందుకే డీఐ నీళ్లకి ఇత్తడి కుళాయి, రాగి గొట్టం తగలనివ్వొద్దు. ఇంత శుభ్రమైన నీళ్లు లోహాన్ని కొరుకుతాయి.

ఇంట్లో తాగేందుకు పెట్టుకున్న ప్యూరిఫయర్ నీళ్లు పోయొచ్చా అన్నది మీరు ఎక్కువగా అడిగేది. వద్దు. రుచి కోసమని చాలా వాటిలో కొంత ముడినీరో ఖనిజాలో మళ్లీ కలుపుతారు. యూవీ దీపం సూక్ష్మజీవుల్ని చంపుతుంది, కరిగి ఉన్నవాటిని ఏమీ చేయదు. కాచి చల్లార్చిన నీళ్లూ అంతే, కొంత సున్నం పేరుకుంటుంది, మిగతావి ఇంకా చిక్కబడతాయి. నిజమైన డిస్టిల్డ్ వాటరు బాగానే పనిచేస్తుంది.

ఇక నా వ్యాపారానికి నష్టమైన మాట ఒకటి. వారానికి 40 లీటర్లు దాటి పట్టేవాళ్లు సొంతంగా నాలుగు దశల యూనిట్ పెట్టుకోండి. సెడిమెంట్, కార్బన్, మెంబ్రేన్, డీఐ. ప్రెషరు 50–60 పీఎస్ఐ లేకపోతే బూస్టర్ పంపు తప్పదు, తగ్గితే మెంబ్రేన్ సరిగా వడకట్టదు. టీడీఎస్ మూడు చోట్ల చూడండి: కుళాయి దగ్గర, ఆర్‌ఓ తర్వాత, డీఐ తర్వాత. కుళాయిలో 300 ఉంటే ఆర్‌ఓ తర్వాత 15 దరిదాపుల్లో ఉండాలి. 30 దాటితే ప్రెషరో మెంబ్రేనో చూసుకోండి. మీ నీళ్లలో క్లోరమిన్ (క్లోరిన్, అమోనియా కలిసిన క్రిమిసంహారకం) కలుపుతుంటే కార్బన్ దాన్ని విడగొట్టాక అమోనియా మిగులుతుంది, దానిలో కొంత మెంబ్రేన్ దాటుతుంది, ఆపేది డీఐ ఒక్కటే. కాబట్టి నెలకోసారి డీఐ నీళ్లకి అమోనియా టెస్ట్ కూడా చేయండి.

ఇప్పుడు పొర కట్టిన ట్యాంకుల్లో ఏం చేయాలంటే, ముందు కంగారు పడొద్దు. డయాటమ్స్ చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి గానీ పగడాల్ని వెంటనే చంపవు. కొత్త నీళ్లతో వారానికి 10–15 శాతం మార్చండి, ఇసుక పైపొరని సైఫన్ చేయండి. సిలికా రాక ఆగితే అవే పలచబడతాయి. జీఎఫ్‌ఓ మీడియా (ఫాస్ఫేటు కోసం వాడే ఐరన్ ఆక్సైడు గింజలు) సిలికేటుని కూడా లాగుతుంది, కానీ దానితోపాటు ఫాస్ఫేటునీ లాగేస్తుంది. ఒకేసారి పూర్తి మోతాదు వేస్తే పగడాలు పాలిపోతాయి. సగంతో మొదలుపెట్టండి. ఉప్పు కలిపేటప్పుడు మాత్రం పాత పద్ధతే. ముందు నీళ్లు, తర్వాత ఉప్పు, పంపు ఆడుతుండాలి, ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్లు). ఉప్పు మీద నీళ్లు పోస్తే సున్నం తెల్లగా విరిగి అడుగున కూర్చుంటుంది.

పాత నీళ్లు ఇంకా ఇంట్లో ఉన్నవాళ్లు పోయకండి, క్యాన్లు తెచ్చేయండి. ఖాళీవైనా సగం నిండినవైనా ఈ ఏడు వారాల లెక్క ప్రకారం పట్టినన్నిసార్లు ఉచితంగా నింపిస్తాం. చీటీ పోయినా పర్వాలేదు, మా పుస్తకంలో రాసుంది. ఇకమీదట ప్రతి క్యాను మూతకి అంటించే చీటీ మీద టీడీఎస్‌తో పాటు ఆఖరి సిలికేట్ టెస్ట్ తేదీ, ఫలితం ఉంటాయి. ఆ కుర్రాడి కిట్ కూడా మా బల్ల మీదే ఉంది, కొత్తది కొనిచ్చి దాన్ని ఉంచుకున్నాను. అనుమానం వస్తే సీసా పట్టి మీరే చూసుకోవచ్చు.