వెలుగు ఒకటే, కణాల తీరు వేరు

సంపాదకుడికి,

ఫోటోడైనమిక్ థెరపీ (మందు ఇచ్చి, ఆపై కాంతి వేసి కణాలను చంపే చికిత్స) గురించి వచ్చే కథనాల్లో ‘క్యాన్సర్ కణాలే చస్తాయి, మంచి కణాలకు ఏమీ కాదు’ అన్న మాట తరచూ కనిపిస్తోంది. అది సగమే నిజం. ఆ సగాన్ని నమ్మి విశాఖ ఎండలోకి వెళ్లిన రోగికి ఒళ్లు కాలుతుంది.

మందు, దానికి తగిన రంగు కాంతి, ఆక్సిజన్ కలిసిన చోటే కణం చస్తుంది. ఈ మూడూ అన్ని కణాల్లో ఒకేలా ఉండవు. 5-ఎఎల్ఏ మందు తనంతట కాంతిని పట్టదు. కణమే దాన్ని కాంతిని పట్టే ప్రోటోపార్ఫిరిన్‌గా మార్చుకోవాలి. దానికి ఇనుము చేర్చి హీమ్‌గా (రక్తానికి ఎరుపునిచ్చే పదార్థంగా) మార్చే ఫెరోకెలటేజ్ ఎంజైము చాలా క్యాన్సర్ కణాల్లో మందగిస్తుంది కాబట్టి ప్రోటోపార్ఫిరిన్ అక్కడ పేరుకుంటుంది. కానీ ఏబీసీజీ2 అనే పంపు ఎక్కువున్న క్యాన్సర్ కణం దాన్ని బయటికి తోడేసి బతికిపోతుంది. చురుగ్గా ఉన్న లింఫోసైట్లు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) క్యాన్సర్ కణాలు కాకపోయినా దాన్ని బాగానే పోగేసుకుంటాయి.

మన తీరంలో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి చూడండి. ఒకచోట తెల్లగా గట్టిపడి, ఒకచోట నల్లబడి, ఇంకోచోట ఎర్రగా ఉంటుంది. తెల్లగా గట్టిపడ్డ చోటి మందపాటి కెరటిన్ పొర మందునూ కాంతినీ అడ్డుకుంటుంది, నలుపునిచ్చే మెలనిన్ కాంతిని మింగేస్తుంది. పలుచని ఎర్రమచ్చ బాగా స్పందించవచ్చు. ఒకే నోట్లో ఇంత తేడా ఉంటే, బయాప్సీ చేయకుండా లైటు వేయడం ముమ్మాటికీ తప్పు.

630 నానోమీటర్ల ఎర్రకాంతి ప్రభావం అర సెంటీమీటరు లోతు దాటడం కష్టం. త్వరగా ముగించాలని తీవ్రత పెంచితే, రక్తం తెచ్చేలోపే ఆక్సిజన్ అయిపోయి లోపలి కణాలు మిగిలిపోతాయి. తీవ్రత తగ్గించాలి, లేదా మధ్యమధ్య ఆపుతూ లైటు వేయాలి.

ఇక మంచి కణాల సంగతి. పోర్ఫిమర్ సోడియం అనే మరో మందును కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు ఎక్కించి, 40 నుంచి 50 గంటల తర్వాత లైటు వేస్తారు. చర్మంలో మాత్రం ఆ మందు కనీసం 30 రోజులు ఉంటుంది. సన్‌స్క్రీన్ ఆపేది అతినీలలోహిత కిరణాలను. ఇక్కడ కాల్చేది కంటికి కనిపించే వెలుగు, కనుక అది పనికిరాదు. నిండు చేతుల చొక్కా, టోపీ, నల్లద్దాలు కావాలి. అలాగని చీకటిగదిలో కూర్చోకూడదు. ఇంట్లోని మామూలు వెలుగు చర్మంలోని మందును కొంచెం కొంచెంగా విరగ్గొడుతుంది.

ఈ చికిత్స చేసే ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం మీద తెలుగులో మూడు సంగతులు రాసివ్వాలి: ఏ మందు, ఏ తేదీన ఎక్కించారు, ఏ తేదీ దాకా ఎండ తగలకూడదు.

– ఒక ఫార్మకాలజీ అధ్యాపకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం