భారతి దారిలో ఏటా ఒకే గీత: కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. అంటార్కిటికాలోని మన స్థావరాలు భారతి, మైత్రిలకు సరుకులు చేర్చే అద్దె ఓడ వేసవి వేసవికీ దక్షిణ సముద్రాన్ని దాటి వెళ్ళి వస్తోంది. ఆ ఓడ వెనక మీటరు పొడవున్న ఒక లోహపు పరికరాన్ని కట్టి లాగించాలనీ, ఆ షరతును అద్దె ఒప్పందంలోనే రాయించాలనీ అడగడానికి ఈ లేఖ. సొంత ధ్రువ నౌక గురించి కూడా రెండు మాటలున్నాయి గానీ అవి తర్వాత. నౌక వచ్చేదాకా ఆగాల్సిన పని కాదిది.

ఆ పరికరం పేరు కంటిన్యువస్ ప్లాంక్టన్ రికార్డర్, అంటే నీటిలో తేలియాడే చిన్న జీవులను (ప్లవకాలను) దారి పొడవునా పట్టి దాచేది. బ్రిటిష్ సముద్ర జీవశాస్త్రవేత్త అలిస్టర్ హార్డీ దీన్ని తయారుచేసిందే దక్షిణ సముద్రం కోసం, 1925లో బయల్దేరిన డిస్కవరీ నౌక యాత్రకు. ముక్కు దగ్గర అర అంగుళం చదరపు రంధ్రం ఉంటుంది. ఓడ నడుస్తుంటే పది మీటర్ల లోతు నీరు అందులోంచి లోపలికి వస్తుంది. 270 మైక్రాన్ల పట్టు జాలి ఆ నీటిని వడగడుతుంది. తోక దగ్గరి చిన్న ప్రొపెల్లర్ నీటి తాకిడికే తిరుగుతూ జాలిని నెమ్మదిగా ముందుకు జరుపుతుంది, పైనుంచి రెండో పట్టు గుడ్డ వచ్చి కప్పుతుంది. రెంటి మధ్య చిక్కిన జీవులు అలాగే ఫార్మలిన్ తొట్టిలోకి చుట్టుకుపోతాయి. కరెంటు అక్కర్లేదు. ఓడను ఆపక్కర్లేదు, పన్నెండు నాట్ల (గంటకు పన్నెండు నాటికల్ మైళ్ళ) వేగంలోనూ పనిచేస్తుంది.

కేప్‌టౌన్ నుంచి భారతికి నేరుగా కొలిస్తే సుమారు 2,800 నాటికల్ మైళ్ళు. పట్టు చుట్ట ఉండే లోపలి కాసెట్ ఒకటి 450 మైళ్ళ దాకా వస్తుంది. మంచున్న చివరి భాగాన్ని తీసేస్తే ఒక్కో దారికి ఐదారు కాసెట్లు, పన్నెండు నాట్ల మీద దాదాపు ఒకటిన్నర రోజుకొకసారి మార్పిడి. మార్చేటప్పుడే జాగ్రత్త కావాలి. ఇది ఇద్దరు చేతులతో ఎత్తే బరువు కాదు, వెనక డెక్కు మీద తాడు చుట్టే వించి, పరికరాన్ని ఎత్తి దింపే డేవిట్ ఉండి తీరాలి. నలభైలు, యాభైల అక్షాంశాల అలల్లో పైకి తీసేటప్పుడు అది ఊగి ఓడ గోడకు కొట్టుకుంటే ప్రొపెల్లర్ వంగుతుంది. వంగిన ప్రొపెల్లర్‌తో మళ్ళీ దింపితే పట్టు సరిగా జరగదు, ఏ ముక్క ఏ మైలుదో తేలదు. ఒక విడి ప్రొపెల్లర్, విడి పరికరం ఓడలో ఉండాలి. మంచు పలకలు దగ్గరపడుతున్నాయనగానే ఎత్తేయాలి. ఇంకో ఇరవై మైళ్ళు వస్తాయని చూస్తే ఉక్కు తాడు తెగి పరికరమే పోతుంది.

దీని పరిమితులూ దాచక్కర్లేదు. పెద్ద క్రిల్ (రొయ్యలాంటి చిన్న జీవి) ఆ చిన్న రంధ్రానికి దొరక్కుండా తప్పించుకుంటుంది. సాల్ప్ లాంటి జెల్లీ జీవులు పట్టు మీద నలిగి, సూక్ష్మదర్శిని కింద జిగురు మరకలా మిగులుతాయి. పగలు లోతుకు దిగే జీవులు పది మీటర్లలో దొరకవు, కాబట్టి పగటి ముక్కలనూ రాత్రి ముక్కలనూ కలిపి సగటు తీయకూడదు. అయినా ఉపఉష్ణమండల నీటి నుంచి ధ్రువ సరిహద్దు (చల్లని ధ్రువ నీరు మొదలయ్యే చోటు) దాటి మంచు అంచు దాకా నలుసంత జీవులైన కోపెపాడ్‌లు ఎక్కడ మారుతున్నాయో, ఏటేటా ఆ హద్దు దక్షిణానికి జరుగుతోందో లేదో చూపడానికి ఇంత చవకైన సాధనం మరొకటి లేదు. ఆస్ట్రేలియా 1991 నుంచి దక్షిణ సముద్రంలో దీన్ని వదలకుండా లాగిస్తోంది. వాళ్ళు పట్టును ఐదు నాటికల్ మైళ్ళకు ఒక ముక్కగా కోస్తారు, ఒక్కో ముక్కలోంచి వెళ్ళిన నీరు దాదాపు ఒకటిన్నర ఘనపు మీటరు. మనమూ అలాగే కోస్తే మన లెక్క వాళ్ళ లెక్క పక్కన పెట్టి చూడొచ్చు.

ఒకే గీత, ఒకే నెల, ఒకే జాలి అని ఇంత పట్టుబట్టడానికి కారణం దక్షిణ సముద్రంలో అట్లాంటిక్ వైపు కనిపిస్తుంది. అక్కడ 1970ల తర్వాత క్రిల్ బాగా తగ్గిందని 2004లో వెలువడిన విశ్లేషణ చెప్పింది. తగ్గుదల కనిపించడం లేదని 2018లో మరో బృందం వాదించింది. రెండు పక్షాలూ తీసుకున్నది దాదాపు అవే పాత నమూనాలు. గొడవంతా వేర్వేరు దేశాలు వేర్వేరు వలలతో, వేర్వేరు లోతుల్లో, వేర్వేరు నెలల్లో పట్టినదాన్ని ఒకే కొలతకు ఎలా తేవాలన్న దగ్గరే. ఒక ఏడు రవ్వ జల్లెడతో, మరో ఏడు మినుముల జల్లెడతో జల్లించి పంట పెరిగిందా తగ్గిందా అని అడిగితే ఎవరు చెప్పగలరు? మన దేశం 1995-96లో సాగర్ సంపద నౌక మీద తొలి క్రిల్ యాత్ర చేసింది. 2004 నుంచి దక్షిణ సముద్ర యాత్రలు సాగుతున్నాయి. విడివిడిగా మంచి పరిశోధనలే. కానీ ప్రశ్న మారినప్పుడల్లా దారి మారితే, ఇరవై యాత్రలైనా ఒక వరుసగా కలవవు.

2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 18 లక్షల చదరపు కిలోమీటర్లకు దిగిపోయింది. ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టిన 1979 నుంచి అదే అతి తక్కువ. క్రిల్ గుడ్లు వందల మీటర్ల లోతుకు మునిగి అక్కడ పిల్లలవుతాయి. ఆ పిల్లలు పైకి ఈదివచ్చి, తొలి చలికాలమంతా మంచు అడుగున పట్టిన నాచు మేసి బతుకుతాయి. ఆ మంచు ఆలస్యమైతే మరుసటి వేసవిలో 30 మిల్లీమీటర్ల లోపు పిల్ల క్రిల్ వలలో తగ్గాలి. భారతి ముందున్న ప్రిడ్జ్ అఖాతంలో తగ్గిందా అంటే, చెప్పడానికి మన దగ్గర వరుస లెక్క లేదు.

ఈ లోటు ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో జరిగే చర్చల్లో బయటపడుతుంది. అంటార్కిటికా సముద్ర జీవవనరుల సంరక్షణ కమిషన్‌లో మనం 1986 నుంచి సభ్యులం. అక్కడ నిర్ణయం ఏకాభిప్రాయంతోనే. అట్లాంటిక్ వైపు క్రిల్ వేటను 6.2 లక్షల టన్నుల దగ్గర ఆపే నిబంధన ఉంది. ఆ మొత్తాన్ని నాలుగు ప్రాంతాలకు పంచే ఏర్పాటు, కొనసాగింపుకు ఏకాభిప్రాయం కుదరక 2024లో ముగిసిపోయింది. మరుసటి సీజన్‌లోనే, 2025 ఆగస్టు మొదట్లో, ఆ హద్దు మొదటిసారి నిండి వేట మూతపడింది. పెంగ్విన్లు, తిమింగలాలు మేసే చోటే ఓడలన్నీ గుమిగూడకుండా ఆపే కంచె ఇప్పుడు లేదు. ఆ ఓడలు రేపు హిందూ మహాసముద్రం వైపు తిరగవన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. రొయ్యల మేతకూ సాల్మన్ మేతకూ క్రిల్ పిండి గిరాకీ పెరుగుతున్న రోజులివి. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌కూ ఇది పరాయి విషయం కాదు. తూర్పు అంటార్కిటికా, వెడెల్ సముద్రాల్లో రక్షిత ప్రాంతాలకు 2021లో మన దేశం మద్దతు ప్రకటించింది, సంతోషం. ఆ మద్దతుకు బలం రావాలంటే ప్రిడ్జ్ అఖాతం నుంచి మన అంకెలు ఆ బల్ల మీద ఉండాలి.

క్రిల్ మొత్తం ఎంతో చెప్పేది రికార్డర్ కాదు, నీటిలోకి ధ్వని పంపి ప్రతిధ్వనిని కొలిచే ఎకోసౌండర్. 38, 120 కిలోహెర్ట్జ్ రెండింటి ప్రతిధ్వనుల తేడా చూసి క్రిల్ గుంపును చేపల గుంపు నుంచి వేరు చేస్తారు. ఇందులో ఎక్కువగా జరిగే పొరపాటు క్యాలిబ్రేషన్‌ది, అంటే పరికరం కొలతను సరిచూసుకోవడంలోది. గోవా రేవులో 28 డిగ్రీల నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,540 మీటర్లు, ప్రిడ్జ్ అఖాతపు గడ్డకట్టబోయే నీటిలో సుమారు 1,440. ధ్వనిని పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ స్పందన కూడా చలికి మారుతుంది. అందుకే 38.1 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని మూడు దారాలతో ఓడ కింద వేలాడదీసి చేసే పరీక్ష అక్కడి నీటిలోనే చేయాలి. ఒక్క డెసిబెల్ తప్పితే క్రిల్ మొత్తం బరువు అంచనా పాతిక శాతం పైన తప్పుతుంది. దీనికి ఒక పూట పడుతుంది. సరుకు దించే తొందరలో మొదట ఎగిరిపోయేది ఆ పూటే, కాబట్టి దాన్ని యాత్ర పట్టికలో ముందే రాసి పెట్టాలి.

ప్రతిధ్వనికి తోడు వల తప్పదు: ఎనిమిది చదరపు మీటర్ల నోరు, 4.5 మిల్లీమీటర్ల కన్ను ఉన్న ఆర్ఎంటీ (మధ్య లోతుల్లో లాగే) వలను 200 మీటర్ల నుంచి పైకి ఏటవాలుగా లాగాలి. పగలైతే క్రిల్ వలను చూసి పక్కకు తప్పుకుంటుంది, భారతి దగ్గర జనవరిలో చీకటే పడదు. కాబట్టి లాగిన గడియారం సమయం, వెలుగు తీవ్రత రాయని వల లాగనట్టే. పట్టిన వాటిలో కనీసం 150 క్రిల్‌ను కంటి ముందు అంచు నుంచి తోక కొస దాకా మిల్లీమీటర్లలో కొలవాలి, అదీ ఓడ మీదే, అప్పుడే.

సీసాల సంగతి చిన్నదే అనిపిస్తుంది గానీ, పోయేది ఎక్కువగా అక్కడే. బోరాక్స్ కలిపి ఆమ్లత్వం తగ్గించని ఫార్మలిన్‌లో వేస్తే సముద్రపు సీతాకోక నత్తల గవ్వలు నెలల్లో కరిగిపోతాయి. తర్వాత సముద్రం ఆమ్లీకరణ మీద పరిశోధనకని సీసా తెరిస్తే మెత్తని కండే మిగులుతుంది. సీసాలో మూడో వంతు మించి జీవులు కూరితే అడుగున కుళ్ళు పడుతుంది. డీఎన్ఏ కోసమైతే 95 శాతం ఇథనాల్‌లో వేసి ఒక రోజు తర్వాత ఇథనాల్ మార్చాలి, మార్చకపోతే ఒంట్లోని నీరు దాన్ని పలచన చేస్తుంది. కొవ్వు విశ్లేషణ కోసం క్రిల్‌ను మామూలు డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 దగ్గర ఉంచితే దాని ఎంజైములు కొవ్వును విరగగొడుతూనే ఉంటాయి. మైనస్ 80 కావాలి. కేప్‌టౌన్‌లో కంటైనర్ మారేటప్పుడు కూడా.

వీటన్నిటికంటే కరువు మనుషులది. ఒక దారికి ఆరు కాసెట్లు, కాసెట్‌కు తొంభై ముక్కలు. రానూ పోనూ కలిపి వెయ్యి దాటతాయి. ప్రతి ముక్కనూ సూక్ష్మదర్శిని కింద చూసి యూఫాసియా సుపర్బానూ, తీరపు మంచులో ఉండే యూఫాసియా క్రిస్టలోరోఫియాస్‌నూ, థైసనోయెస్సానూ (ఇవన్నీ క్రిల్ రకాలే) పిల్ల దశలోనే వేరు చేయగల చేయి తయారవడానికి ఏళ్ళు పడుతుంది. అలాంటి వాళ్ళను ప్రాజెక్టు ముగియగానే వదిలేస్తే తర్వాతి ఏడు కొత్త కళ్ళతో కొత్త లెక్క మొదలవుతుంది. కొచ్చిలోని సముద్ర జీవవనరుల కేంద్రంలో గానీ, గోవాలోని ధ్రువ కేంద్రంలో గానీ ఈ లెక్కకే నాలుగు శాశ్వత పోస్టులు ఇవ్వండి. పరికరాల ఖర్చు కన్నా ఇదే ముఖ్యమని మా అభిప్రాయం. లెక్కలను ఏడాదిలోపు బయటపెట్టే పనికి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌ను కలుపుకోవచ్చు, ఆర్గో తేలియాడే పరికరాల సమాచారాన్ని అది ఏళ్ళుగా అందరికీ అందిస్తోంది.

ఇక నౌక. 2014లో కేబినెట్ అనుమతి పొందిన ధ్రువ నౌక ఇంకా నీళ్ళలో దిగలేదు. 2025 జూన్‌లో కోల్‌కతా గార్డెన్ రీచ్ నౌకానిర్మాణ సంస్థ, నార్వే కాంగ్స్‌బర్గ్ ఒప్పందం చేసుకున్నాయి కాబట్టి డిజైన్ కాగితాల మీద ఉండగానే చెప్పాలి. ఎకోసౌండర్లను దింపి ఎత్తగలిగే కీల్‌లో (ఓడ అడుగు నుంచి కిందికి దిగే పలకలో) పెట్టించండి. ఓడ అడుగునే బిగిస్తే అలల్లో గాలి బుడగలు అడ్డుపడి సగం రికార్డు చెత్తవుతుంది. మంచు పగలగొట్టేటప్పుడు కీల్‌ను లోపలికి లాక్కోవచ్చు. ఇంజను శబ్దానికి, పరిశోధన నౌకల నీటిలోని శబ్దానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐసీఈఎస్ 209ను హద్దుగా పెట్టించండి. ఈ రెండూ ఓడ కట్టాక చేర్చగలిగేవి కావు.

మన తొలి అంటార్కిటికా యాత్రకు 1981లో నాయకత్వం వహించిన ఎస్.జెడ్. ఖాసిం స్వయంగా సముద్ర జీవశాస్త్రవేత్త. 2009లో మనమూ జర్మనీ కలిసి జర్మన్ పరిశోధన నౌక పోలార్‌స్టెర్న్ మీద చేసిన లోహాఫెక్స్ ప్రయోగంలో 300 చదరపు కిలోమీటర్ల నీటికి, నాచు పెరిగి గాలిలోని కార్బన్‌ను అడుగుకు దించుతుందేమోనని ఇనుము వేసినా కార్బన్ పెద్దగా అడుగుకు దిగలేదు. సిలికా తక్కువై, సిలికా గుల్ల కట్టుకునే నాచు డయాటమ్‌లు పెరగలేదు, పెరిగిన మిగతా నాచును కోపెపాడ్‌లు మేసేశాయి. ఆ నీటిలో ఎవరు ఎవరిని తింటున్నారో తెలియకుండా వాతావరణ లెక్కలు కుదరవని అంతకంటే ఖరీదైన పాఠం అక్కర్లేదు.

వచ్చే అద్దె ఓడ టెండరు పత్రంలో చేర్చమని కోరుతున్న షరతు ఇది: “ఓడ వెనక డెక్కు మీద ప్లాంక్టన్ రికార్డర్ లాగడానికి వించి, డేవిట్ ఉండాలి. మంచు లేని నీటిలో రానూ పోనూ రెండు దారుల్లోనూ దాన్ని లాగనివ్వాలి. ప్రతి కాసెట్ మార్పిడికి వేగం తగ్గించాలి. ఇద్దరు పరిశోధకులకు బెర్తులు, ఫార్మలిన్ పనికి గాలి ఆడే గది ఇవ్వాలి.” టెండరు ఖరారయ్యాక ఈ మాటలు చేరిస్తే ఓడ యజమాని అదనపు అద్దె అడుగుతాడు. ముందే చేరిస్తే అది మామూలు షరతుల్లో ఒకటిగా పోతుంది.

భవదీయులు,
దక్షిణ సముద్ర ప్లవకాల మీద పనిచేస్తున్న తెలుగు పరిశోధకులు