అడవికోడి అడ్రస్ అచ్చువేయాలా?

సంపాదకులు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో స్కాట్లాండ్ పల్లెల పక్షుల మీద వ్యాసం వచ్చి రెండు వారాలు దాటింది. ఎవరో ఒకరు రాస్తారులే అని ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. ఈలోగా అది వాట్సాప్‌లో తెగ తిరిగింది. లండన్, ఎడిన్‌బరాల నుంచి మనవాళ్లు ఈస్టర్ సెలవులకు ఏవీమోర్‌లో రూములు బుక్ చేసుకుంటున్నారు. రావద్దని కాదు. నేనుండేదీ ఈ స్పే లోయలోనే, వస్తే పులిహోర కలిపి పెడతాను. నా గొడవల్లా ఆ మ్యాప్ గురించే. తెల్లవారకముందే బోట్ ఆఫ్ గార్టెన్ ఊరి అడవిలోకి వెళ్తే క్యాపర్‌కైలీ అనే అడవికోళ్లు జతకోసం ఆడే ఆట చూడొచ్చని దారి, టైము సహా వేశారు. డ్రోన్ ఉంటే ఇంకా మంచిదట!

క్యాపర్‌కైలీ మామూలు అడవికోడి కాదు. పుంజు టర్కీకోడి అంత ఉంటుంది. నల్లటి ఒళ్లు, కంటి మీద ఎర్రటి చార. ఏప్రిల్‌లో తోక విసనకర్రలా విప్పి, టక్ టక్ మంటూ మొదలుపెట్టి తర్వాత సీసా బిరడా లాగినట్టు 'టప్' మంటుంది. అక్కడ మనిషి అలికిడైతే పుంజులు చెదిరిపోతాయి, పెట్టలు దగ్గరకు రావు. గూడు నేల మీదే కాబట్టి తాడు విప్పిన కుక్క ఒక్కటి చాలు. 2021-22 చలికాలం లెక్కలో దేశం మొత్తం మీద మిగిలినవి సుమారు 542. అంతకు ఆరేళ్ల ముందు 1,114. ఆ ఆట చోట వాటిని చెదరగొట్టడం ఇక్కడ నేరం. మరి మీ మ్యాప్ పట్టుకుని వెళ్లి పట్టుబడితే జరిమానా మీరు కడతారా?

దారి తెలిస్తే ఏమవుతుందో ఈ ఊరికి కొత్త కాదు. పక్కనే లాక్ గార్టెన్ అనే సరస్సు దగ్గర 1954లో చేపలు పట్టే ఆస్ప్రే డేగలు తిరిగొచ్చాయి. 1958లో రాత్రీ పగలూ కాపలా ఉన్నా ఎవడో చెట్టెక్కి గుడ్లు ఎత్తుకుపోయి, రంగు పూసిన కోడిగుడ్లు పెట్టి పోయాడు! మరుసటి ఏడు నుంచి జనాన్ని దూరంగా చాటున కూర్చోబెట్టి చూపించారు. చూడటమంటే అదీ.

ఇక్కడి అధికారులేమీ తక్కువ తినలేదు. మొక్కల్ని జింకలు తినేస్తున్నాయని గ్రాంట్లిచ్చి కంచెలు వేయించారు. ఎగురుతూ వాటికి గుద్దుకుని ఈ పక్షులే చచ్చాయి. తర్వాత మళ్లీ ప్రజల డబ్బుతోనే ఆ కంచెలు పీకించారు. ట్రాన్స్‌మిటర్లు కట్టిన 131 బంగారు గద్దల్లో 41 అనుమానాస్పదంగా మాయమయ్యాయని 2017లో ప్రభుత్వ నివేదికే చెప్పింది. వాటిలో చాలా మాయమైంది గ్రౌస్ అనే పక్షుల్ని వేటాడే భూముల దగ్గరే. ఆ వేటకు లైసెన్సు పెట్టే చట్టం మాత్రం 2024లో వచ్చింది. ఏడేళ్లు! మన దగ్గరే ఫైళ్లు కదలవనుకునేవాణ్ణి. ఇక్కడ బోర్డుకైతే లోటు లేదు. కుక్కను కట్టేయండని ప్రతి మలుపులో బోర్డే, చూసేవాడే ఒక్కడూ కనపడడు.

పేపర్లంటే ఒకప్పుడు రాసేముందు ఆ చోటు తెలిసినవాళ్లను ఒక మాట అడిగేవారు. ఇప్పుడు ఫోటో బాగుంటే చాలు, పేజీ నిండిపోతుంది.

మీ వెబ్‌సైట్‌లో ఆ మ్యాప్ ఈ రోజుకీ అలాగే ఉంది. ఏప్రిల్ లోపు తీసేయండి. దాని స్థానంలో లాక్ గార్టెన్ సందర్శకుల కేంద్రం వివరాలు వేయండి. ఎర్ర ఉడుతలు అక్కడ కాఫీ తాగుతూ కూడా కనిపిస్తాయి (కాఫీ మనమే తాగాలి). సవరణ వేస్తే వ్యాసం వేసినంత పెద్దగా వేయండి, నాలుగో పేజీ అడుగున కాదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
స్పే లోయ, స్కాట్లాండ్