నువ్వు దాచింది, నేను దాచింది

స్టుట్‌గార్ట్,
2025 అక్టోబరు 26, ఆదివారం

నాన్నా,

ఈ తెల్లవారుజామున ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఇక మార్చి చివరిదాకా మనకు తేడా మూడున్నర గంటలు కాదు, నాలుగున్నర. నేను ఇంటికొచ్చి అన్నం వండుకునేసరికి మీరంతా పడుకుంటారు. కాబట్టి ఇకనుంచి పొద్దున్నే ఫోను చేస్తాను. సాయంత్రం నా ఫోను రాలేదని అమ్మను టెన్షన్ పడొద్దని చెప్పు.

ఆఫీసు బాగానే ఉంది. కొత్త మేనేజరు నెమ్మదైన మనిషి. చలి ఇంకా ముదరలేదు.

ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో ఈ మాట ఎత్తితే రెండో నిమిషంలో అమ్మ ఫోను లాక్కుంటుంది, లేదంటే నువ్వే "తిన్నావా" అని మాట మార్చేస్తావు. చిన్నోడు నాకు అంతా చెప్పాడు. వాణ్ని ఏమీ అనకు. పదిహేను రోజులు కడుపులో పెట్టుకుని ఇక ఆగలేక చెప్పాడు. కరెంటు బిల్లు పేరుతో వచ్చిన దొంగ మెసేజీ, నువ్వు ఆ నంబరుకు చేసిన ఫోను, వాళ్లు వేయించిన యాప్, పోయిన 18 వేలు, అన్నీ తెలుసు.

నాకు కోపం లేదు. ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. కాలనీ సంఘం లెక్కలు అన్నేళ్లు ఒక్క రూపాయి తేడా రాకుండా చూసినవాడివి, "నాకే ఇలా జరిగిందే" అని ఎవరికీ చెప్పలేకపోయావు కదా. నువ్వు తెలివితక్కువ పని చేయలేదు నాన్నా. ఆ మెసేజీ సాయంత్రం పూట వస్తుంది, రాత్రి 9:30కి కరెంటు కట్ చేస్తామని ఉంటుంది. ఆఫీసులు మూసేసిన టైము, అడగడానికి ఎవరూ ఉండరు. అమ్మమ్మ గాలిపరుపు మోటారు కరెంటు మీదే నడుస్తుంది. నీ స్థానంలో నేనున్నా ఆ నంబరుకు ఫోను చేసేదాన్నేమో.

ఆ యాప్ ఏం చేస్తుందో చెబుతాను. నీ ఫోను స్క్రీన్ మొత్తం వాళ్లకు కనిపిస్తుంది. పది రూపాయలు కట్టి చూడమన్నారట కదా, నువ్వు కొట్టిన పిన్, తర్వాత వచ్చిన ఓటీపీ, అన్నీ వాళ్లు అక్కడ కూర్చుని చూశారు. ఇలాంటిది జరిగిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయాలి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోకముందే ఆపగలిగితే ఆపుతారు. నువ్వు రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండిపోయావు, నా బాధంతా ఆ రెండు రోజుల గురించే. ఇప్పటికైనా చిన్నోడితో కూర్చుని సైబర్ క్రైమ్ వెబ్‌సైటులో కంప్లైంటు పెట్టు. డబ్బు వస్తుందని చెప్పలేను, కానీ పెట్టు. బ్యాంకుకు వెళ్లి కార్డు మార్పించు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు. ఎవడైనా పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్టు" అంటే, మన చట్టంలో అలాంటిదేమీ లేదు, వెంటనే పెట్టేయ్. బాబాయికి కూడా చెప్పు. ఆయన మనకంటే తొందరగా భయపడతాడు.

సరే. నువ్వు దాచింది బయటపడింది కాబట్టి నేను దాచింది కూడా చెప్పేస్తాను. కూర్చుని చదువు. అమ్మకు నువ్వే నెమ్మదిగా చెప్పు.

నేను ఇక్కడ బైకు లైసెన్సు తీసుకున్నాను. ఆగస్టులో పాసయ్యాను. సెకండ్ హ్యాండులో హోండా 500 సీసీ బండి కొన్నాను.

మన లైసెన్సు ఇక్కడ ఆరు నెలలే చెల్లుతుంది. పైగా నాకున్నది గేరు లేని స్కూటీ లైసెన్సు, అందుకే మొదటి నుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీలో ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద ఆదివారం పొద్దున నువ్వు స్ప్లెండర్ మీద క్లచ్ వదలడం నేర్పావే, "అమ్మకు చెప్పకు" అని దారిలో ఇడ్లీ కూడా తినిపించావు, మొదటి క్లాసులో నా చేతికి అదే గుర్తొచ్చింది. మిగతావాళ్ల బండి గుంజుకుని ఆగిపోతుంటే నాది మెల్లగా కదిలింది. మా మాస్టారు "ఇదివరకే నేర్చుకున్నావా" అని అడిగాడు. మా నాన్న నేర్పాడని చెప్పాను.

ఇక్కడ లైసెన్సు ఊరికే ఇవ్వరు. మామూలు క్లాసులు కాక, ఊరి బయటి రోడ్ల మీద 5, హైవే మీద 4, చీకట్లో 3 క్లాసులు తప్పనిసరి. హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, చీలమండ దాకా వచ్చే బూట్లు లేకుండా పరీక్షకు రానివ్వరు. మనిషి నడిచే వేగంలో కాలు కింద పెట్టకుండా నడపాలి. అది 50లో వెళ్లడం కన్నా కష్టం. పక్కకు తిరిగే ముందు అద్దం చూస్తే చాలదు, భుజం మీదుగా తల తిప్పి చూడాలి. అది మరిచిపోయి నేను మొదటిసారి ఫెయిలయ్యాను. ఆ రోజు నీకు ఫోను చేసి పులిహోర ఎలా చేయాలో అడిగాను, గుర్తుందా? పులిహోర కోసం కాదు.

ఒక్క విషయంలో మాత్రం నువ్వు నేర్పింది మార్చుకున్నాను. "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు" అనేవాడివి. ఇక్కడ 50లో వెళ్తూ ఒక్కసారిగా ఆపే పరీక్ష ఉంటుంది. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, ఆపే బలం కూడా అక్కడే ఉంటుంది. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే బండి జారుతూ చాలా దూరం పోతుంది. ముందు బ్రేకు ఒక్కసారిగా గుంజకూడదు, నిమ్మకాయ పిండినట్టు మొదట మెల్లగా, తర్వాత గట్టిగా పట్టాలి, వెనకది కూడా కలపాలి. ఇసుక మీదా మలుపులోనూ నీ మాటే నిజం. నా బండికి ఏబీఎస్ ఉంది, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోదు, చిన్నోడి బండికీ ఉంది. 2019 ఏప్రిల్ నుంచి మన దగ్గర 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ అది తప్పనిసరి చేశారు. నీ స్ప్లెండర్‌కు లేదు. అందుకే వాన పడినప్పుడు వీఎస్టీ స్టీలు బ్రిడ్జి దిగేచోట మెల్లగా దిగు.

హైవే మీద మొదటి రోజు భయమేసింది, నిజం చెబుతున్నాను. లారీ పక్కన పోతే గాలి బండిని పక్కకు నెడుతుంది. కానీ ఇక్కడ ఎవరూ సందుల్లోంచి దూరరు. ట్రాఫిక్ ఆగితే బైకు కూడా కార్ల వెనకే నిలబడాలి. ఎడమ వరసవాళ్లు ఎడమకు, మిగతావాళ్లు కుడికి జరిగి మధ్యలో అంబులెన్సుకు దారి వదులుతారు. ఆ దారిలో బైకులు పోకూడదు. మొదటిసారి ఆ ఖాళీ చూసి, మన విద్యానగర్‌లో అయితే ఈ సందులో ఎంతమంది దూరేవారో అనుకున్నాను. నువ్వు కూడా దూరతావు నాన్నా. దూరకు.

అమ్మకు ఈ మాట ముందు చెప్పు: నా నంబరు ప్లేటు సీజన్ ప్లేటు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకే బండి రోడ్డు మీదికి తీయాలి. వచ్చే శనివారం నుంచి ఐదు నెలలు కవరు కప్పుకుని షెడ్డులోనే ఉంటుంది. మంచులో నడుపుతానని అమ్మ ఊహించుకోవద్దు.

చిన్నోడు అనంతగిరి వెళ్తానంటున్నాడట. వెళ్లనీ. కానీ ఔటర్ రింగు రోడ్డు మీద టూవీలర్లకు అనుమతి లేదని వాడికి తెలిసినా ఫ్రెండ్స్ మాట వింటాడు. నువ్వు గట్టిగా చెప్పు.

కంప్యూటరు మాట మరిచిపోయాను. ఈ నెల 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల దుకాణాలుండే సీటీసీలో కొన్న మన పాత డబ్బా విండోస్ 11 తీసుకోదు. దుకాణంవాడు కొత్తది కొనమంటే ఒప్పుకోకు. మైక్రోసాఫ్ట్ అకౌంటుతో పేరు నమోదు చేస్తే ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, చిన్నోడితో అది చేయించు. నేను వచ్చినప్పుడు ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు వేసి, విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్కిస్తాను. నీకు కావాల్సింది పెన్షన్ పేజీ, ఈమెయిలు, సంఘం ఉత్తరాలు తెలుగులో టైపు చేయడం. అవన్నీ అందులో హాయిగా జరుగుతాయి, డబ్బులు కట్టక్కర్లేదు. ముందు ఫోటోలన్నీ బయటి డిస్కులోకి కాపీ చేయించి, ఇంకో కాపీ పిన్ని వాళ్లింట్లో పెట్టించు. తాతయ్య ఉన్న ఫోటోలు మళ్లీ రావు. అమ్మ తన ఫోనులో గూగుల్ స్టోరేజీ నిండిందని రోజూ గోల పెడుతోంది కదా, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిళ్లకూ ఫోటోలకూ కలిపే. ఆ గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేయమను.

ఇక నీకో పని. నీ హెల్మెట్ పట్టీ దవడ కింద బిగించకుండా వేలాడేస్తున్నావని నాకు తెలుసు, వీడియో కాల్‌లో గేటు దగ్గర చూశాను. బిగించని హెల్మెట్ పడగానే ఊడిపోతుంది. అది పాతబడింది కూడా. ఐఎస్ఐ గుర్తున్నది కొత్తది కొను, డబ్బులు పంపాను. స్ప్లెండర్ బ్రేకు లైనర్లు మార్పించి నాకు ఫోటో పెట్టు.

వచ్చే ఆదివారం పొద్దున మీకు పదింటికి ఫోను చేస్తాను. అమ్మకంటే ముందు నువ్వే ఎత్తు.

నీ పెద్దబిడ్డ