ఫ్లోరైడ్ ఊళ్లను అడిగి పరిశోధన చేయండి

సంపాదకులకు నమస్కారం.

మా నాయన మంచం మీద నుంచి లేవాలంటే ముందు పక్కకు దొర్లి, గోడ పట్టుకుని, అప్పుడు నిలబడతాడు. మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు. మా మర్రిగూడ మండలంలో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లు ఏళ్ల తరబడి అంతకు మించే ఇచ్చాయి, అందుకే కీళ్లు ఇలా బిగుసుకుపోయాయి.

2016లో మొదలైన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాయి. మేలు జరిగింది, కాదనను. కానీ నీళ్లు మారినంత మాత్రాన బిగుసుకుపోయిన కీళ్లు విడవవు కదా! నాయనకు ఇప్పటికీ నొప్పి గోలీలే దిక్కు. వాటిని ఏళ్లకేళ్లు మింగితే కిడ్నీలకు ముప్పని డాక్టర్లే చెబుతారు.

ఎవరెవరో వచ్చి నీళ్ల శాంపిళ్లు, మూత్రం శాంపిళ్లు పట్టుకుపోయారు. ఏం తేలిందో మాకు చెప్పినవాళ్లు లేరు. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, నల్లగొండలో మెడికల్ కాలేజీ ఉంది. దేని మీద పరిశోధన చేయాలో తేల్చే ముందు మమ్మల్ని కూర్చోబెట్టి అడగండి. మేమైతే ముందు ఈ నొప్పి సంగతి చూడమంటాం. అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటల (గూడేల) వాళ్లు ఇంకేదో చెబుతారు, వాళ్లనూ అడగండి.

– ఒక పాఠకుడు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా