మార్కులు వేశారు సరే, మాస్టర్లను ఎప్పుడు వేస్తారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఉత్తర చెన్నైలోని మా పేట సర్కారు తెలుగు బడి గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వార్త చూసి ఇది రాస్తున్నాను. అభ్యసన పరీక్షలో ఆ బడి అట్టడుగున ఉందనీ, ఐదో తరగతి పిల్లలకు మూడో తరగతి పేరా కూడా చదవడం రావడం లేదనీ రాశారు. పక్కనే బడి గేటు ఫొటో వేశారు, బోర్డు మీద పేరు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. మీరు అబద్ధం రాశారని నేను అనడం లేదు. సగమే రాశారు. ఆ సగం వల్ల ఏం జరిగిందో మీకు తెలియాలి.

మర్నాడు పొద్దున బడి ముందు తల్లులు గుమిగూడారు. వాళ్లలో చాలామంది తెల్లారకముందే చీపురు పట్టుకుని ఈ నగరం రోడ్లు ఊడ్చేవాళ్లు. పత్రిక కొని చదివే తీరిక వాళ్లకు లేదు, ఎవరో వాట్సాప్‌లో పెట్టిన ఫొటో చూసి వచ్చారు. ఒకామె కొడుకు టీసీ ఇచ్చేయమని పట్టుబట్టింది. అప్పు చేసైనా సరే ప్రైవేటు బడిలో వేస్తానంది. హెడ్‌మాస్టరమ్మ ఎంత నచ్చజెప్పినా వినలేదు. తన బిడ్డ ఎలా చదువుతున్నాడో ఆ తల్లికి ముందు బడివాళ్లు చెప్పాలి, అదీ విడిగా కూర్చోబెట్టి. ఊరందరితో పాటు ఫోన్లో చూసి తెలుసుకోవాల్సిన విషయమా అది?

ఇక మీరు రాయని సగం చెబుతాను. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు ఐదు, మనుషులు ఇద్దరు. మా బడిలో మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో నడుస్తాయి. నల్లబల్ల మీద నిలువుగా గీతలు గీసి మూడు వాటాలు చేశారు. ఒక వాటాలో తీసివేతలు, ఒక వాటాలో భాగహారాలు, ఆ చివర భిన్నాలు. టీచరమ్మ భిన్నాల దగ్గర ఉన్నంతసేపూ తీసివేతల పిల్లలు ఎదురుచూస్తూ కూర్చోవాలి. మధ్యలో హాజరు వివరాలు ఎమిస్‌లో, అంటే బడుల లెక్కలు పెట్టే సర్కారు ఆన్‌లైన్ పద్దులో, ఎక్కించాలి. గదిలో సిగ్నల్ అందదు కాబట్టి ఫోన్ పట్టుకుని వరండాలోకి రావాలి. ఆమె వచ్చేలోగా పాఠం ఎక్కడ ఆగిందో పిల్లలకు గుర్తుండదు. ఇద్దరిలో ఒకరు ట్రైనింగుకో మీటింగుకో వెళ్లిన రోజు ఐదు తరగతులూ మిగిలిన ఒక్కరి నెత్తిన పడతాయి. టీచర్లకు బడి పని తప్ప వేరే పని చెప్పకూడదని అదే చట్టం 27వ సెక్షన్ అంటుంది. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు మాత్రం మినహాయింపు. పెద్ద బడిలో ఒక టీచరు ఎన్నికల డ్యూటీకి వెళ్తే సర్దుకుంటారు. ఇద్దరే ఉన్న చోట సర్దుకోవడానికి ఎవరున్నారు?

పరీక్ష ఎలా జరిగిందో కూడా కనుక్కుని ఉండాల్సింది. ప్రశ్నపత్రం తెలుగులోనే ఇచ్చారు. దాన్ని పెట్టడానికి వచ్చినవారికి మాత్రం తెలుగు చదవడం రాదు. ఏం చేయాలో అంతా తమిళంలో చెప్పారట. మా పిల్లలకు తమిళం బాగానే అర్థమవుతుంది, వీధిలో మాట్లాడేది అదే. కానీ ఒక పిల్లవాడు పేపరు చూపించి, ఇక్కడ ఏం రాయాలి అని అడిగితే చెప్పే దిక్కు లేకపోయింది. ఇంకో సంగతి. మా ఐదో తరగతిలో పట్టుమని పదిమంది ఉండరు. పదిమందిలో ఒక్కడికి ఆ రోజు జ్వరం వస్తే పది శాతం తేడా వస్తుంది. ఇంత చిన్న తరగతికి శాతాలు కట్టి, వందల మంది ఉన్న బడి పక్కన పెట్టి ఇది పైన, అది కింద అనడం న్యాయం కాదు. కేంద్రం 2021లో నిర్వహించిన జాతీయ సాధన సర్వేలో కూడా కొన్ని బడులనే ఎంచుకుని పరీక్ష పెట్టి, ఫలితాలు జిల్లాకూ రాష్ట్రానికీ కలిపి ఇచ్చారు. బడుల వారీగా ర్యాంకులు కట్టలేదు.

ఆ జాతీయ సర్వేనైనా వెనకాముందూ చూసి చదవాలి. కరోనా తర్వాత తమిళనాట చిన్న తరగతులకు బళ్లు తెరిచింది 2021 నవంబరు 1న. దేశమంతటా ఆ సర్వే పెట్టింది అదే నెల 12న. అప్పుడు మూడో తరగతిలో ఉన్న పిల్లలు రెండో తరగతి గది మొహం కూడా చూడలేదు. ఆ ఫలితాలు వచ్చినప్పుడు కూడా పిల్లలకు చదువు రాదన్న మాటే అందరి నోటా విన్నాం.

మా పిల్లలు వెనకబడలేదని వాదించను. మా మనవరాలు నాలుగో తరగతి, అదే బడి. వత్తులు వచ్చిన చోట ఇప్పటికీ ఆగిపోతుంది. నాకు బాధగానే ఉంది. అందుకే అడుగుతున్నాను, ఆ వత్తులు నేర్పే మనిషి ఎక్కడ? రిటైరైన తెలుగు టీచరు స్థానంలో ఇంతవరకు ఎవరినీ వేయలేదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. 1956 నుంచీ ఉన్న మాట అది. ఆచరణలో చూస్తే, 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేసుకుంటూ పదో తరగతి దాకా తెచ్చారు. మన పిల్లలకు ఆ పేపరు నుంచి మినహాయింపు కోసం 2023లో సుప్రీంకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. దొరికింది ఆ ఒక్క ఏడాదికి. తమిళం వద్దని మేమెవరమూ అనడం లేదు, మా పిల్లలు బతకాల్సింది ఈ ఊళ్లోనే. దాంతోపాటు తెలుగు కూడా సక్రమంగా చెప్పమంటున్నాం. టీచర్లను వేయకుండా, పిల్లలు తగ్గేదాకా చూసి, తగ్గారు కాబట్టి పక్క బడిలో కలిపేస్తామనడం అధికారులకు అలవాటైపోయింది. మీ వార్త వాళ్ల చేతికి ఇంకో కాగితం ఇచ్చింది.

ఈ నగరం సర్కారు బడుల పిల్లలకు మంచి చేయలేనిదేం కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండి, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు టిఫిన్ పెట్టించింది పిట్టి త్యాగరాయ చెట్టి గారు. మన తెలుగువాడే. టి.నగర్ ఆయన పేరిట వెలిసిందే. 2022 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఉదయం అల్పాహారం పథకం మొదలుపెట్టింది. అది మా బడికి వచ్చాక ఖాళీ కడుపుతో పాఠం వినే పిల్లలు లేరు. ఆ పని చేసినవాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. రోజూ వేళకు వేడి టిఫిన్ బడికి చేర్చగలిగిన ప్రభుత్వానికి ఒక టీచరును చేర్చడం అసాధ్యమా?

పిల్లలకు చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. అసర్ సర్వేవాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి ఒక్కొక్క బిడ్డనూ పక్కన కూర్చోబెట్టుకుని ముందు ఒక చిన్న పేరా చదివిస్తారు. అది వస్తే రెండో తరగతి స్థాయి కథ, రాకపోతే మాటలు, అవీ రాకపోతే అక్షరాలు చదివిస్తారు. ఎవరు ఎక్కడ ఆగారో అక్కడికక్కడే తెలిసిపోతుంది. మా బడిలోనూ తెలుగు చదవగలిగిన మనిషి చేత అలాగే చేయించి, ఏ బిడ్డ ఎక్కడ ఆగిందో ఆ తల్లికి చెప్పమని అడుగుతున్నాం. ఆ తర్వాత ఆ బిడ్డకు నేర్పమంటున్నాం.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఇకమీదట ఏ బడి మార్కులు వేసినా దాని పక్కనే ఆ బడికి మంజూరైన టీచర్లు ఎందరు, పనిచేస్తున్నవాళ్లు ఎందరు అన్నది కూడా వేయండి. మా బడిలో ఖాళీగా ఉన్న తెలుగు టీచరు పోస్టు ఏ తేదీలోగా నింపుతారో అధికారులను అడిగి, వాళ్ల జవాబు ప్రచురించండి. జూన్‌లో బళ్లు తెరిచేలోగా ఆ జవాబు రావాలి. ఆ రోజు బడి ముందుకొచ్చిన తల్లులు అప్పటిదాకా ఆగుతామన్నారు.

ఇట్లు,
ఆ బడిలోనే చదువుకున్న ఒక తాత,
ఉత్తర చెన్నై.