మందు పేరు పక్కన పురుగుల లెక్క కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ సాగు పేజీలో రైతుల ప్రశ్నలకు వచ్చే జవాబులు తప్పకుండా చదువుతాను. ఆకులకు చిల్లులు పడ్డాయని ఎవరైనా రాస్తే, లీటరు నీటికి ఎంత మందు కలపాలో వెంటనే చెబుతారు. మొక్కకు ఎన్ని పురుగులున్నాయని మాత్రం చాలాసార్లు అడగరు. ఈ ఉత్తరం అందుకే.

మాది ఉప్పల్. మేడ మీద కుండీల్లో టమాటా, వంగ పెంచుతాను. మొన్న పక్కింటావిడ ఒక టమాటా ఆకు పట్టుకొచ్చి, "పురుగు గుడ్లు పెట్టేసిందక్కా, ఏం మందు కొట్టాలి?" అని టెన్షన్ పడింది. చూస్తే, ఆకు అడుగున వడలిపోయిన పచ్చ పురుగు, దాన్ని అంటుకుని సగం బియ్యపు గింజంత తెల్లటి గూడు. అది గుడ్డు కాదు. పురుగు ఒంట్లోనే పెరిగి, దాన్ని చంపి బయటికొచ్చిన చిన్న కందిరీగ పిల్ల కట్టుకున్న గూడు.

ఇలాంటి కందిరీగల్ని మొక్కే పిలుచుకుంటుందంటే ఆవిడ నమ్మలేదు. కానీ నిజం. మొక్కజొన్న ఆకును కత్తెరతో కత్తిరించడం వేరు, పురుగు కొరకడం వేరు. పురుగు ఎంగిలి తగిలితే ఆకు ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది. ఆ జాడ పట్టుకుని కందిరీగలు వస్తాయి. ఎంగిలిలో ఆ పని చేసే పదార్థాన్ని 1997లోనే గుర్తించారు. టమాటా ఇంకో పని కూడా చేస్తుంది. ఒక ఆకును కొరికితే, కొరకని ఆకుల్లో కూడా పురుగుకు తిన్నది అరగకుండా చేసే ప్రొటీన్లు తయారవుతాయి. ఇది 1972లో అమెరికాలో బయటపడింది. జాజిపూల పరిమళంలో ఉండే మిథైల్ జాస్మొనేట్ గాలిలో సోకినా టమాటా ఇలాగే సిద్ధమవుతుందని 1990లో చూపించారు. మల్లెలూ జాజులూ అమ్మే మన ఊళ్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

సూర్యాపేట దగ్గర మా తమ్ముడు పత్తి వేస్తాడు. విత్తిన నెలకే నాలుగు చిల్లులు చూసి, దుకాణంలో ఇచ్చిన మందు మూడుసార్లు కొట్టాడు. చేలో చీడ పురుగుల్ని తినే అక్షింతల పురుగు ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ తర్వాత ఆకుల రసం పీల్చే తెల్లదోమ కమ్మేసింది. వాడి ముఖం చూస్తే కడుపు తరుక్కుపోయింది. వరి దుబ్బుల మొదట్లో రసం పీల్చే సుడిదోమ సంగతీ ఇంతే. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే అది తగ్గకపోగా పెరుగుతుంది. దాన్ని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందే చచ్చిపోవడం అందుకు ఒక పెద్ద కారణం. మొక్క పిలిచినా పలికేవాళ్లు ఉండాలి కదా!

అన్నీ మొక్కే చూసుకుంటుందని నేననను. పత్తి కాయలోకి దూరిన గులాబీ రంగు పురుగు ఏ కందిరీగకూ సులువుగా దొరకదు. దానికీ ఒక లెక్క ఉంది: ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టే ఒక్కో లింగాకర్షక బుట్టలో రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు.

ఇకపై మందు పేరు పక్కనే ఎన్ని పురుగులుంటే కొట్టాలో ఆ అంకె కూడా వేయండి. వారానికో మిత్ర పురుగు ఫొటో, దాని గుడ్లు, గూడుతో సహా అచ్చు వేయండి. రాజేంద్రనగర్‌లోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, మొక్కల ఆరోగ్యం చూసే జాతీయ సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎం ఉన్నాయి, చెప్పేవాళ్లకు కొదవ లేదు. మా మేడ మీది ఆకును గూడుతో సహా గాజు సీసాలో ఉంచాను. మొదటి ఫొటోకు కావాలంటే పంపిస్తాను.

— ఒక పాఠకురాలు,
ఉప్పల్, హైదరాబాద్